ఎండకు ఆగే మొక్క ముసురుకు ఎందుకు పోతోంది?

క్లుప్తంగా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మేడల మీద పెంచే అడీనియం (ఎడారి గులాబీ) మొక్కలు ఎక్కువగా పోయేది ఎండాకాలంలో కాదు, వానలు మొదలైన దగ్గర్నుంచి తుఫానుల కాలం ముగిసేలోపు. వాన పడటం కన్నా, పడ్డాక కుండీలో మట్టి రోజుల తరబడి ఆరకపోవడమే అసలు ప్రమాదం. గాలిలో తేమ, రేణువు సన్నగా ఉన్న మట్టి, మొక్కకి మించిన కుండీ కలిస్తే కాండం అడుగున ఉబ్బి ఉండే దుంప కుళ్లుతుంది. బరక మట్టి, ఇరుకు కుండీ, ముసురు రోజుల్లో వాన తగలని చోటు అమరితే ఇదే తీరంలో ఈ మొక్క దశాబ్దాల పాటు బతుకుతుంది.

పైకి కనపడని కుళ్లు

ఏప్రిల్‌లో ఆకు కనిపించకుండా పూసిన మొక్క ఆగస్టులో ఒక ఉదయం పక్కకి ఒరిగి ఉంటుంది. ఆకులు కొన్ని పండుబారి ఉంటాయి, కొన్ని ఇంకా పచ్చగానే ఉంటాయి, ఒకటి రెండు కొమ్మల చివర మొగ్గ కూడా ఉంటుంది. మట్టికి దగ్గరగా దుంపని బొటనవేలితో నొక్కితే మాత్రం బాగా మగ్గిన సపోటాలా లోపలికి దిగిపోతుంది. పైతోలు చిట్లిన చోట గోధుమ రంగు నీరు కారుతుంది, పులిసిన వాసన వస్తుంది. అప్పటికి లోపల పాడు కావాల్సింది చాలావరకు పాడయ్యే ఉంటుంది. దుంపలో నీళ్లు నిల్వ ఉంటాయి కాబట్టి, వేళ్లు చచ్చిపోయాక కూడా పైకొమ్మలకి కొన్నాళ్లు ఆ తేడా తెలియదు. అందుకే మొక్క రాత్రికి రాత్రి పోయినట్టు అనిపిస్తుంది. నిజానికి అది రెండు మూడు వారాలుగా పోతూ ఉన్నదే.

ఇలా మొక్క పోగొట్టుకున్నవాళ్ల మాట దాదాపు ఒకేలా ఉంటుంది: "నీళ్లు ఎక్కువేం పోయలేదు, వీడియోల్లో చెప్పినట్టే మూడు రోజులకోసారి పోశాం." ఆ మాట అబద్ధం కాదు. చిక్కంతా ఆ 'మూడు రోజుల' లెక్కలో ఉంది. ఒకరు వారానికోసారి చాలంటారు, ఇంకొకరు ఎండాకాలంలో రోజూ పొయ్యమంటారు. తమ ఊళ్లో, తమ మట్టిలో ఇద్దరి మాటా సరైనదే. అనంతపురంలో పనికొచ్చిన లెక్క కళింగపట్నంలో ఎందుకు పనికిరాదో తెలియాలంటే మొక్క పుట్టుక దగ్గర్నుంచి చూసుకురావాలి.

పేరు గులాబీ, పుట్టుక గన్నేరు

ఎడారి గులాబీకి గులాబీతో ఏ చుట్టరికమూ లేదు. ఇది గన్నేరు కుటుంబం. 1760ల్లో డెన్మార్క్ రాజు అరేబియాకి పంపిన బృందంలో పేర్ ఫోర్‌స్కోల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఉన్నాడు. ఆయన 1763లో యెమెన్‌లోనే చనిపోయాడు. ఆయన రాసిపెట్టుకున్న వివరాలను బృందంలో మిగిలిన కార్‌స్టెన్ నీబూర్ 1775లో అచ్చు వేయించాడు. అందులో ఈ మొక్క పేరు 'నీరియం ఒబేసం', అంటే లావుపాటి గన్నేరు. 1819లో దీన్ని గన్నేరు నుంచి విడదీసి, యెమెన్‌లోని ఏడెన్ పేరు మీద అడీనియం అని పిలిచారు.

ఉత్తరాంధ్రలో ఈ కుటుంబం తెలియని ఇల్లు ఉండదు. పెరట్లో నందివర్ధనం, గుడి దగ్గర దేవగన్నేరు, గోడ పగుళ్లలో బిళ్లగన్నేరు, రథసప్తమి నాడు తల మీద పెట్టుకుని స్నానం చేసే జిల్లేడు ఆకు, అన్నీ ఈ కుదురువే. తుంచితే పాలు కారడం వీటిలో చాలావాటికి ఉన్న లక్షణం. అయితే మిగిలిన చుట్టాలు ఇక్కడి వానలకి అలవాటు పడ్డాయి, అడీనియం పడలేదు. ఆ తేడా దుంపలో ఉంది.

ఈ మొక్క సొంత నేల సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సాహెల్ ప్రాంతం, తూర్పు ఆఫ్రికా, అరేబియా దక్షిణ భాగం. అక్కడా వాన పడుతుంది, పడినప్పుడు గట్టిగానే పడుతుంది. కాకపోతే మొక్క ఉండేది రాళ్ల సందుల్లో, ఇసుక నేలల్లో, వాలుల మీద. నీళ్లు వచ్చినంత వేగంగా పోతాయి, మర్నాడు ఎండ కాస్తుంది. వేరుకి నీళ్లు తగలడం అక్కడా ఉంది. నీళ్లలో నానడం మాత్రం ఆ మొక్కకి తెలియదు.

దుంప ఒక నీళ్ల గాబు

తోటపని చేసేవాళ్లు 'కాడెక్స్' అని పిలిచే ఈ దుంప, కాండం అడుగు భాగమూ వేళ్ల మొదలూ కలిసి ఉబ్బితే ఏర్పడినది. లోపల గట్టి చెక్క తక్కువ, నీళ్లు పట్టి ఉంచే మెత్తటి కణాలు ఎక్కువ. వాన లేనప్పుడు మొక్క ఆకు రాల్చి, ఈ నిల్వ మీద నెలల తరబడి నెట్టుకొస్తుంది. దుంప కాస్త వదులవుతుంది, నొక్కితే మెత్తగా అనిపిస్తుంది. నీళ్లు దొరకగానే మళ్లీ బిగుసుకుంటుంది.

ఈ ఏర్పాటులో బలం ఎంతో బలహీనతా అంతే. మెత్తటి కణాలు, వాటి నిండా నీళ్లు, పిండిపదార్థం ఉంటే బూజు జాతి శిలీంధ్రాలకి అంతకన్నా ఏం కావాలి? గన్నేరు వేరులో ఒక చోట కుళ్లు మొదలైతే అది చెక్కని దాటుకుంటూ మెల్లగా పోవాలి. అడీనియం దుంపలో అడ్డేమీ ఉండదు. చిలగడదుంపలు పొడి నేల మీద పరిస్తే వారాల తరబడి ఉంటాయి, అవే తడి గోనెసంచిలో మూట కడితే నాలుగు రోజులకే వాసన వస్తాయి. అడీనియం దుంప సంగతీ అంతే.

రెండు రకాల మెత్తదనం ఉందన్నది ఇక్కడ గుర్తు పెట్టుకోవాలి. దాహంతో మెత్తబడిన దుంప చుట్టూ ఒకేలా వదులుగా ఉంటుంది, తోలు ముడతలు పడుతుంది, వాసన ఉండదు. కుళ్లిన దుంప ఒక పక్కన మాత్రమే దిగబడుతుంది, తోలు రంగు మారుతుంది, చెమ్మగా ఉంటుంది. మొదటిదాన్ని చూసి భయపడి నీళ్లు ఆపినా, రెండోదాన్ని దాహం అనుకుని ఇంకో చెంబు పోసినా నష్టమే. రెండో పొరపాటే ఎక్కువగా జరుగుతుంది.

గాలి తాగడం మానేసినప్పుడు

కుండీలో మట్టి రెండు దారుల్లో ఆరుతుంది: ఆకుల ద్వారా మొక్క బయటికి వదిలే నీరు, మట్టి పైనుంచి ఆవిరయ్యే నీరు. రెండూ గాలి ఎంత పొడిగా ఉందన్న దాని మీదే ఆధారపడతాయి. ఎండ వేడి ఒక్కటే కాదు, గాలికి ఇంకెంత తేమ పట్టే ఖాళీ ఉందన్నదీ లెక్కలోకి వస్తుంది.

ఒక పోలిక చూద్దాం. 32 డిగ్రీల వేడి, గాలిలో తేమ 40 శాతం ఉన్న రోజు ఒకటి. 28 డిగ్రీలు, తేమ 90 శాతం ఉన్న ముసురు రోజు ఒకటి. వేడిలో తేడా 4 డిగ్రీలే. కానీ గాలి నీటిని లాగే శక్తి మొదటి రోజుతో పోలిస్తే రెండో రోజున ఏడెనిమిది రెట్లు తక్కువ. పొడి గాలిలో రెండు రోజుల్లో ఆరే కుండీకి ఇక్కడ రెండు వారాలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఆ రెండు వారాల్లో మధ్యమధ్య చినుకు పడుతూనే ఉంటుంది కాబట్టి, నిజానికి ఆ కుండీ ఆరదు.

అనంతపురం జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. శ్రీకాకుళం, విజయనగరాల్లో 1,100 మిల్లీమీటర్ల చొప్పున, అంటే రెట్టింపు. సముద్రం పక్కనే ఉండటం వల్ల వాన లేని రోజున కూడా ఉక్కపోత తగ్గదు. వీడియోల్లో చెప్పే 'మూడు రోజులకోసారి' లెక్క ఇక్కడ తప్పేది ఇందుకే. రోజుల లెక్క పెట్టుకోవడం మానేసి మట్టి ఆరిందా లేదా అన్నదే చూసుకోవడం ఈ తీరంలో తప్పనిసరి.

మట్టి ఆరకపోతే వేరుకి వచ్చే ఇబ్బంది ఊపిరి ఆడకపోవడం. వేరు కూడా ప్రాణవాయువు తీసుకుంటుంది. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో గాలి ఉన్నంతసేపు అది తేలిగ్గా అందుతుంది. ఆ ఖాళీల్లో నీళ్లు నిండితే ప్రాణవాయువు కదలిక సుమారు పదివేల రెట్లు మందగిస్తుంది. ఊపిరి అందని సన్న వేళ్లు ముందు చనిపోతాయి. ఆ చచ్చిన వేళ్ల మీద పిథియం, ఫైటోఫ్తోరా, ఫ్యుజేరియం లాంటి కుళ్లు తెగుళ్లు పడి, అక్కడి నుంచి దుంపలోకి ఎక్కుతాయి. మందు కొట్టినా లాభం లేకపోయిందన్న మాట ఎక్కువగా వినపడటానికి కారణం ఇదే. తెగులు వెనక వచ్చినది, ఊపిరాడకపోవడం ముందు జరిగినది. మట్టి మార్చకుండా మందు ఒక్కటే వేస్తే ముందు జరిగినది అలాగే ఉంటుంది.

కుండీ అడుగున ఏం జరుగుతుంది

"అడుగున చిల్లు ఉంది, నీళ్లు కారిపోతున్నాయి, ఇంకా తడి ఎందుకుంటుంది?" అన్న ప్రశ్నకి గిన్నెలు తోమే స్పాంజి ముక్క జవాబు చెబుతుంది. దాన్ని నీళ్లలో ముంచి, అరచేతిలో అడ్డంగా పెట్టి, కారడం ఆగేదాకా ఉంచాలి. చుక్క పడటం ఆగాక, అదే స్పాంజిని పిండకుండా నిలువుగా తిప్పితే మళ్లీ నీళ్లు కారతాయి. సన్న రంధ్రాల్లో నీళ్లు తమంతట తాము కొంత ఎత్తు వరకు నిలబడి ఉంటాయి. ఆ ఎత్తు కన్నా పైనున్న నీరే కిందికి దిగుతుంది. స్పాంజి అడ్డంగా ఉన్నప్పుడు దాదాపు మొత్తం ఆ ఎత్తులోపే ఉంది, నిలువుగా తిప్పినప్పుడు పైభాగం ఆ ఎత్తు దాటింది.

కుండీలోనూ ఇదే జరుగుతుంది. అడుగున ఒక తడి పొర ఎప్పుడూ నిలబడి ఉంటుంది. దాని మందం కుండీ ఎత్తుని బట్టి ఉండదు, మట్టి రేణువుని బట్టి ఉంటుంది. సన్న మట్టిలో ఆ పొర మందం, బరక మట్టిలో పలచన. దీని నుంచి మూడు విషయాలు తేలతాయి. మూడూ అలవాటైన నమ్మకాలకి ఎదురుగానే ఉంటాయి.

మొదటిది, అడుగున గులకరాళ్ల వరస వేస్తే నీళ్లు బాగా దిగుతాయన్నది నిజం కాదు. పైన సన్న మట్టి ఉన్నప్పుడు నీళ్లు రాళ్ల మీదికి దిగకుండా ఆ మట్టి చివరే నిలుస్తాయి. తడి పొర పోదు, రాళ్ల ఎత్తు మేరకు పైకి జరుగుతుంది, వేళ్లకి ఇంకా దగ్గరవుతుంది. చిల్లు మీద ఒక పెంకు ముక్క లేదా దోమల జాలీ ముక్క మట్టి జారకుండా పెడితే సరిపోతుంది.

రెండోది, దుంప అందంగా కనపడాలని వాడే లోతు తక్కువ పళ్లేల్లాంటి కుండీలు ఈ వాతావరణంలో ఎక్కువ రిస్కు. నాలుగు అంగుళాల లోతులో రెండు అంగుళాలు తడి పొరే అయితే మొక్కకి మిగిలింది సగం. అలాంటి పళ్లెం వాడాలంటే మట్టి ఇంకా బరకగా ఉండాలి. మామూలు మట్టితో పళ్లెంలో పెట్టిన మొక్కని వానాకాలం ఆరుబయట వదిలేయడం దాన్ని చేజేతులా పోగొట్టుకోవడమే.

మూడోది, 'పెరుగుతుంది కదా' అని పెద్ద కుండీలో పెట్టడం. వేళ్లు అందుకోని మట్టిలో నీళ్లని తాగేవాళ్లు ఉండరు. దుంపకి చుట్టూ రెండు చేతివేళ్ల వెడల్పు సందు ఉన్న కుండీ చాలు. పూత లేని మట్టి కుండీ అయితే పక్కల నుంచి కూడా ఆరుతుంది. ప్లాస్టిక్‌ది అయితే చిల్లులు పెంచి, రెండు ఇటుకల మీద నిలబెట్టాలి. మేడ గచ్చుకి ఆనించి పెడితే, చిల్లుకీ గచ్చుకీ మధ్య నాచు పట్టి నీళ్లు కదలవు.

మట్టి కలపడం: దగ్గర దొరికేవేవి, దూరం పెట్టాల్సినవేవి

కడియం వైపు నర్సరీల నుంచి లారీల్లో వచ్చే మొక్కలు చాలాసార్లు కొబ్బరి పీచు పొట్టులోనో బంక తగిలే మట్టి ముద్దలోనో ఉంటాయి. దూరం ప్రయాణం చేయాలి, రోజుల తరబడి నీళ్లు లేకుండా ఉండాలి కాబట్టి అమ్మేవాళ్లకి ఆ పద్ధతి అవసరం. కొన్నవాళ్ల మేడ మీద ఆ అవసరం లేదు. ఆ ముద్దని అలాగే కొత్త కుండీలో దించి చుట్టూ ఎంత మంచి మట్టి నింపినా, మధ్యలో ఉన్న ముద్ద స్పాంజిలా తడి పట్టుకునే ఉంటుంది. కొన్న మొదటి వానాకాలంలోనే పోయే మొక్కల్లో చాలావాటి కథ ఇది. వానలకి ముందే ముద్ద విడదీసి, వేళ్లు దులిపి, మట్టి మార్చుకోవాలి.

ఉద్దానం అంతా కొబ్బరి తోటలే కాబట్టి పీచు పొట్టు ఇక్కడ తేలిగ్గా దొరుకుతుంది. అది తన బరువుకి ఎన్నో రెట్ల నీళ్లు పట్టుకుంటుంది. పొడి ప్రాంతాల్లో అదే దాని గొప్ప, ఇక్కడ అదే దాని లోపం. అడీనియం మట్టిలో అది లేకపోయినా ఏ లోటూ ఉండదు.

పనికొచ్చేవి కూడా దగ్గర్లోనే ఉన్నాయి. నాగావళి, వంశధార ఇసుకని జల్లెడ పడితే సన్నది కిందికి పోతుంది, పైన మిగిలిన పెసరగింజంత రేణువే కావలసింది. ఇటుక ముక్కలు శనగగింజంత సైజుకి కొట్టి, ఎర్రపొడి మొత్తం జల్లించి పారేయాలి. ఆ పొడి మిగిలితే ఖాళీలన్నీ పూడ్చేస్తుంది. కట్టెల పొయ్యి బొగ్గు చిన్న ముక్కలుగా చేసి వాడొచ్చు. రైసు మిల్లుల దగ్గర దొరికే నల్లగా కాలిన ఊక మంచిదే. తెల్లగా బూడిదైపోయినది మాత్రం వద్దు. అది సిమెంటులా ముద్ద కడుతుంది, క్షారం కూడా ఎక్కువ. సముద్రపు ఒడ్డు ఇసుక ఎంత శుభ్రంగా కనపడినా ఉప్పు ఉంటుంది, రేణువూ సన్నం.

ఈ బరక సరుకు మూడు పాళ్లకి బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు ఒక పాలు కలిపి, గుప్పెడు వేపపిండి చల్లితే సరిపోతుంది. కలిపినది సరిగ్గా ఉందో లేదో కుండీ నింపాక ఒక మగ్గు నీళ్లు పోస్తే తెలిసిపోతుంది. నీళ్లు పైన నిలవకుండా వెంటనే లోపలికి దిగి, కొన్ని సెకన్లలోనే అడుగు చిల్లులోంచి ధారగా రావాలి. పైన మడుగు కట్టి మెల్లగా ఇంకుతుంటే మళ్లీ జల్లించుకోవాల్సిందే. ఈ పరీక్షకి పట్టే సమయం ఒక నిమిషం. ఏళ్లు పెంచిన మొక్క ప్రాణం దీని మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి బద్ధకించకూడదు.

కార్తెల లెక్కన నీళ్లు

ఎడారి మొక్క కదా అని ఎండాకాలంలో నీళ్లు ఆపేయడం రెండో వైపు పొరపాటు. ఈ మొక్క ఎదిగేదీ, పూసేదీ వేడిలోనే. రోహిణి కార్తె ఎండల్లో, బరక మట్టిలో, మట్టి కుండీలో ఉన్న అడీనియంకి రోజు విడిచి రోజు, ఒక్కోసారి రోజూ నీళ్లు పట్టాల్సి వస్తుంది. పోసినప్పుడు చిల్లులోంచి కారేదాకా పోయాలి. పైపైన చిలకరిస్తే కింది వేళ్లకి అందదు. తీరానికి దగ్గర బోరు నీళ్లలో ఉప్పు ఉంటే అది మట్టిలో పేరుకుని ఆకు కొసలు మాడతాయి. చిల్లు కారేలా పోయడం వల్ల ఆ ఉప్పు కూడా కొట్టుకుపోతుంది.

మృగశిర చినుకులు మొదలయ్యాక లెక్క మారుతుంది. తొలి జల్లులకి మొక్క ఆనందంగా చిగురిస్తుంది, అప్పుడు దాచిపెట్టనక్కర్లేదు. ఒక వాన పడి రెండు రోజులు ఎండ కాసే తీరు ఉన్నంతకాలం ఆరుబయటే ఉండనివ్వొచ్చు. వరసగా రెండు మూడు రోజులు ముసురు పట్టిందంటే మాత్రం వాన తగలని, వెలుతురు తగిలే చోటికి మార్చాలి. వరండా అంచు, సజ్జ కింద, పారదర్శకమైన రేకు కింద అయితే బాగుంటుంది. ఇంట్లో చీకటి మూల పెడితే కొమ్మలు వెలుతురు కోసం సాగి పలచబడతాయి.

తడి చూసుకోవడానికి కొబ్బరి ఈనెని మించిన సాధనం లేదు. చీపురు పుల్ల ఒకటి కుండీ అంచు పక్కన అడుగుదాకా దింపి, పది నిమిషాలు ఆగి తీయాలి. కింది కొస చల్లగా, నల్లబడి, మట్టి అంటుకుని వస్తే ఆ రోజు నీళ్లు అక్కర్లేదు. పై మట్టి ఎండిపోయి కనిపించినా సరే, మాట వినాల్సింది పుల్ల కొసదే. కొన్నాళ్లకి కుండీ ఎత్తి బరువు చూసుకోవడం అలవాటైతే పుల్ల కూడా అవసరం ఉండదు.

చలికాలంలో ఈ మొక్కకి ఉత్తర భారతంలో ఉన్నంత గండం ఇక్కడ లేదు. 10 డిగ్రీల కన్నా కిందికి దిగితే అది దెబ్బతింటుంది, తీరం వెంబడి అంత చలి రాదు. డిసెంబరు, జనవరిలో ఆకులు రాల్చి ఊరుకుంటుంది. నిద్రపోతున్న మొక్క నీళ్లు తాగదు కాబట్టి పోయడం బాగా తగ్గించాలి. రథసప్తమి దాటి, కొమ్మల కొసల్లో చిగురు కనపడ్డాక మెల్లగా పెంచుకుంటూ పోవాలి. మట్టి మార్చడానికీ, కొమ్మలు కత్తిరించడానికీ సరైన అదను కూడా అదే.

కుళ్లు మొదలైతే

మెత్తదనం అనుమానం వచ్చిన రోజే మొక్కని బయటికి లాగాలి. మర్నాటికి వాయిదా వేస్తే బతికే అవకాశం తగ్గుతుంది. మట్టంతా దులిపి, కడిగి, స్పిరిట్‌తో తుడిచిన పదునైన కత్తితో కుళ్లిన భాగాన్ని కోస్తూ పోవాలి. మొదట గోధుమ రంగు, తర్వాత లేత పసుపు, చివరికి పచ్చి బంగాళాదుంప ముక్కలాంటి తెల్లటి కండ కనిపిస్తుంది. ఎక్కడా చిన్న గోధుమ చుక్క కూడా మిగలకూడదు. సగం దుంప పోతోందని చెయ్యి వెనక్కి లాగితే, ఆ మిగిలిన చుక్క నాలుగు రోజుల్లో మొత్తం తినేస్తుంది. మొక్కని ప్రేమగా పెంచినవాళ్లకి ఇది కష్టమైన పని. కానీ సగానికి కోసిన అడీనియంలు మళ్లీ వేళ్లు వేసి పూయడం అరుదేమీ కాదు.

ప్రతి కోతకీ కత్తి తుడవాలి. కోసిన మొహానికి కాపర్ ఆక్సీక్లోరైడ్ పొడి గానీ, కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన పొడి గానీ అద్ది, గాలి ఆడే నీడలో వారం పది రోజులు ఆరనివ్వాలి. ముసురు రోజుల్లో ఇంకా ఎక్కువ పడుతుంది, ఫ్యాను గాలి తగిలేలా పెడితే నయం. కోత గట్టిగా, పొడిగా తోలు కట్టాక పొడి ఇసుకలో నిలబెట్టి, మరో వారం దాకా నీళ్లు పోయకూడదు. ఆ రోజులన్నీ గడవడానికి దుంపలో ఉన్న నిల్వ సరిపోతుంది.

తుఫాను కబురు వచ్చినప్పుడు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. ఈ రెండు జిల్లాలకి అక్టోబరు అంటే వాయుగుండం టెన్షన్ ఉండే నెల. అడీనియంకి అప్పుడు మూడు దెబ్బలు కలిసి వస్తాయి: గాలికి కుండీ దొర్లిపడి దుంప తోలు చిట్లడం, రోజుల తరబడి నానడం, సముద్రం నుంచి వచ్చే ఉప్పు తుంపర. తోలు చిట్లిన చోటు కుళ్లుకి తెరిచిన తలుపు.

లోపలికి తెచ్చుకునేంత చోటు లేకపోతే కుండీలని మేడ గోడ వారన, కుండీ అడుగు భాగం గాలి వచ్చే వైపుకి ఉండేలా పక్కకి పడుకోబెట్టడం మేలు. దొర్లవు, నీళ్లు నిండవు. మట్టి జారకుండా పైన గోనెముక్క కడితే చాలు. తుఫాను వెళ్లాక మంచినీళ్లతో ఆకులు, దుంప కడిగి, పడుకున్నవాటిని లేపి, ప్రతి దుంపనీ నొక్కి చూడాలి.

పూత, పురుగు, పాలు

అడీనియం పూసేది కొమ్మ కొసన. కొసలు ఎన్ని ఉంటే పూత అంత. శివరాత్రి ప్రాంతంలో కొమ్మలు సగానికి కత్తిరిస్తే ఒక్కో కోత దగ్గర రెండు మూడు చిగుళ్లు వస్తాయి. రోజుకి ఆరు గంటల ఎండ లేకపోతే ఎంత ఎరువు వేసినా పూత రాదు. నత్రజని ఎక్కువైతే ఆకు గుబురెక్కి పూత తగ్గుతుంది, పైగా కండ ఇంకా మెత్తబడి కుళ్లుకి లొంగుతుంది. వానాకాలం మొదలయ్యాక ఎరువు ఆపేయడం మంచిది. అంటుకట్టిన ముద్ద పూల రకాలు చూడటానికి బాగుంటాయి గానీ రేకుల మధ్య నీళ్లు నిలిచి మొగ్గలోనే మగ్గిపోతాయి. ఈ తీరంలో ఆరుబయట పెంచేవాళ్లకి ఒంటి రేకు రకాలే నమ్మకం.

ఒక రాత్రిలో కొమ్మ మొత్తం బోడి చేసే లావుపాటి ఆకుపచ్చ గొంగళి, తల దగ్గర నీలి కన్నుల్లాంటి మచ్చలతో ఉండేది, గన్నేరు ఆకు తినే హాక్‌మాత్ అనే రెక్కల పురుగుదే. నల్లటి ఉండల్లాంటి రెట్ట కనపడితే పైన వెతికి తీసేయడమే, మందు అక్కర్లేదు. పిండినల్లికి లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టాలి.

పాల విషయంలో జాగ్రత్త తప్పదు. తూర్పు ఆఫ్రికాలో ఈ పాలని మరిగించి బాణాల మొనలకి విషంగా పూసేవారు. గుండె కొట్టుకునే తీరుని దెబ్బతీసే పదార్థాలు ఇందులో ఉన్నాయి, గన్నేరులో ఉన్నలాంటివే. కత్తిరించేటప్పుడు చేతులకి గ్లవ్స్ వేసుకోవాలి, కళ్లు నులుముకోకూడదు. కోసి పారేసిన కొమ్మలు మేకలకి, దూడలకి అందకుండా పాతిపెట్టాలి.

కొనేటప్పుడు

వానలు మొదలైపోయాక కొన్న మొక్కకి మట్టి మార్చే అదను దొరకదు, మార్చకపోతే ముద్దలో నానుతుంది. ఫిబ్రవరి నుంచి మే లోపు కొనడం అందుకే మేలు. విత్తనం నుంచి పెరిగినదానికి దుంప బాగా ఊరుతుంది. కొమ్మ నాటి తయారుచేసినదానికి వేళ్లు వస్తాయి గానీ అలాంటి దుంప రాదు. అంటుకట్టినదైతే అతుకు దగ్గర చుట్టూ వేలితో తడిమి చూడాలి. పూలు చూసి మురిసిపోయే ముందు కవరు కాస్త విప్పి, మట్టికి లోపల ఒక అంగుళం దాకా వేలు దించి, దుంప నాలుగు వైపులా నొక్కాలి. ఒక్క వైపు వేలు దిగినా ఆ మొక్కని అక్కడే ఉంచి, పూలు తక్కువగా ఉన్నా గట్టి దుంప ఉన్న పక్క మొక్కని తీసుకోవాలి.